గుండిగ

బుధవారం పొద్దున కిస్తీ కడతాం,
చేపలెండే పందిళ్ల పక్కన, తడి ఇసుకలో కూచుని.
ఐదుగురం. ఒకరికొకరం పూచీ.
తాకట్టు పెట్టడానికి మా దగ్గరేముంది,
ఒకరి మొహం ఒకరికి తప్ప!

నా అప్పు కలిసొచ్చింది. అబద్ధమెందుకు?
ఉసిపా చేపలు మంగోచి బజారులో అమ్మి
సైకిల్ కొన్నాను.
తివోంగె బడి ఫీజు బకాయి లేదు.
ఆఫీసు వాళ్లు సైకిల్ పక్కన నిలబెట్టి
ఫొటో తీసుకుపోయారు.

ఎస్నాత్‌దీ అంతే అప్పు, అదే సరస్సు, అవే చేపలు.
తను పరిచిన వారం మాత్రం
ఐదు రోజులు ముసురు.
పురుగు పట్టిన ఆ చేపల్ని కుక్కలు కూడా వాసన చూళ్లేదు.

నాలుగు కిస్తీలు మేమే సర్దాం.
ఐదోసారి వాళ్లింటికెళ్లాం.
ఎవరం ఏమీ అనలేదు.
తనే బయటికి ఈడ్చుకొచ్చింది గుండిగని,
మా అత్త చావుకి
ఊరందరికీ న్సిమా వండిన గుండిగ.
ఒక చెవి నేను పట్టుకున్నాను.
దారంతా భుజం లాగింది,
చెయ్యి మార్చుకోలేదు.

ఆఫీసు గోడమీద రాశారు:
వందకి తొంభై ఎనిమిది వసూలని.
ఎస్నాత్ ఆ తొంభై ఎనిమిదిలోనే ఉంది.

మొన్న చివాంబో వాళ్లింట్లో చావు.
ఆరు పొయ్యిలు, ఆరు చిన్న గిన్నెలు.
వెనక వచ్చినవాళ్లకి అందలేదు.
పొగలో నా పక్కనే కూచుని
గరిటె తిప్పుతూ ఎస్నాత్ అంది:
"నీ సైకిల్ గొలుసు వదులైంది,
చూసుకో."