దోనె అంచు

మొదలు దోనెదే తప్పనుకున్న.

కొత్తవాడల గుంట మగ్గం మీద
ముప్పయ్యేండ్లు జంపఖానాలు నేసిన పెయ్యి నాది.
వంగినప్పుడల్లా ఎడమ రొమ్ముకు
కర్ర అంచు ఒరుసుకుంటనే ఉంటది.
చనుమొన కాడ దురద లేస్తే,
పొక్కు కట్టి రాలితే,
బనీను మీద పైసంత మరక పడితే
రంగనుకున్న.
నూలుకద్దిన ఎరుపు
యాడనన్న అంటుతది గద.

మందుల దుకాణం పిలగాడు గజ్జి మందిచ్చిండు.
చౌరస్తల తోలు డాక్టరు తామరన్నడు.
రెండు ట్యూబులు, నాలుగు ట్యూబులు,
ఎనిమిది నెలలు.
ఎవ్వలకు చెప్పలే గని
మొన లోపలికి మడుసుకపోయింది,
బెదిరిన తాబేలు తల లెక్క.

ఆఖరికి మా సులోచన
బనీను ఉతుక్కుంట, మరకను రెండుసార్లు రుద్ది
"ఇది రంగు కాదు" అన్నది.
నలభై తీర్ల రంగులు కాగవెట్టిన చేతులవి.

ఎంజీఎంల కాయితం మీద ముందే అచ్చయి ఉంది:
రోగి పేరు, శ్రీమతి.
రాసేటాయన నన్ను చూసిండు, కాయితం చూసిండు,
శ్రీమతి మీద గీత కొట్టి
చిదురాల వీరమల్లు అని రాసిండు.
గీత కింద శ్రీమతి కనపడుతనే ఉంది.

బయట బెంచీ మీద పదిమంది ఆడోళ్లు.
"నీ పెండ్లామేది?" అని ఒకామె అడిగితే
"నీళ్లకు పోయింది" అన్న.
నంబరు పిలిస్తే లేచింది నేను.
మిషను రెండు పలకల నడుమ
ఒత్తనీకి నాకాడ ఏముంది?
ఉన్న పిడికెడు తోలును
ఆ పిల్ల పిండి ముద్ద లెక్క గుంజి పెట్టింది.
"ఊపిరాపు పెద్దనాయిన."
మళ్ల బయటికొస్తే
ఎవ్వలూ నవ్వలే.
పరకాల కనకలచ్చవ్వ
జరిగి జాగ ఇచ్చింది.

ముక్క తీసిండ్రు. పదకొండు దినాలు.
నిహారిక డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని
ఎవరో దొర పేరున్న రోగం చెప్పింది.
"మగవాళ్లలో చాలా అరుదు.
నా చదువులో ఒక్క బొమ్మే చూశాను."
నేను రెండో బొమ్మ.

తర్వాత అడిగింది:
"మీ ఇంట్లో ఇంకెవరికైనా?"

అక్క.
కొంగు ఎప్పుడూ ఒకే దిక్కు బిగించుకునేది.
ఊదుబత్తుల మీద ఊదుబత్తులు ముట్టించేది,
దేవునికనుకున్నం.
కడుపునొప్పితోని పోయిందని
పదేండ్లు అందరికదే చెప్పిన.
ఆ దినం కుర్చీల కూసోని
"గడ్డ" అన్న. నోరెండిపోయింది.
డాక్టరమ్మ తలెత్తకుంట రాసుకున్నది.

ఎడమ దిక్కు తీసేసిండ్రు, సంకల బిళ్లలు కూడ.
ఇప్పుడక్కడ సాపు, అడ్డంగ కుట్టు.
సులోచన చూసి
"పేక సక్కగ పడలే,
నువ్వయితే ఇప్పి మళ్ల నేద్దువు" అన్నది
ఏడ్సుకుంటనే.

రోజుకో గోలి, ఐదేండ్లు.
ఆడోళ్లకిచ్చే గోలే.
నడిరాత్రి ఒళ్లంత ఆవిరి లేసి
చెమటల కూసుంట.
ఆమె విసనకర్ర అందుకుంటది:
"నాకు గిట్ల అయినప్పుడు
సలి అని ఫ్యాను బందు చేసినవ్, యాదికున్నదా?"
యాదికున్నది.

దోనెకు పాత చీరె చుట్టిన.
నాడె ఎడమ చేతికి రాంగనే తడబడుతది,
చెయ్యి వాస్తది,
ఆగుత.

నిన్న కరీంనగర్ల అక్క బిడ్డకు,
సంధ్యారాణికి, ఫోను చేసిన.
"మామా, మంచిగున్నవా?"
మంచిగున్ననని పెట్టేద్దామనిపించింది.
గుంటల కాళ్లు పెట్టుకొని
"బిడ్డా, మీ అమ్మ కడుపునొప్పితోని పోలే" అన్న.

అటు దిక్కు సప్పుడు లేదు.
ఫోను పట్టుకొనే ఉన్న.