ఖాళీ డబ్బా

ముప్పై ఒక్కేళ్లు ఐజ్వాల్ బ్యాంకులో నోట్లు లెక్కబెట్టినవాణ్ణి.
రిటైరై కొండకి తిరిగొస్తే
సంఘం నా చేతిలో ఒక కాటా, ఒక పుస్తకం పెట్టింది.
ఈసారి నోట్లు కాదు, బియ్యం.

మా మిజో ఇళ్లల్లో
ఎసట్లో పోసే ముందు ప్రతి పూటా
ఒక పిడికెడు వెనక్కి తీస్తారు.
అది దేవుడి పిడికిలి.
పొయ్యి పక్కన దానికో డబ్బా.
శనివారం ఆ డబ్బాలన్నీ
మందిరం వరండాలో వరస కడతాయి,
పాలపొడి డబ్బా, సొట్టపడ్డ కేను,
ఎవరి పెళ్లిదో పేరు చెక్కిన స్టీలు గిన్నె.

పాస్టరుగారు ప్రసంగంలో
"నమ్మకమైన గృహనిర్వాహకుడు" అన్నప్పుడల్లా
బెంచీ మీద నిటారుగా కూర్చునేవాణ్ణి,
నా గురించే అనుకుని.

మొదటి నెలలోనే గొణిగాను.
ఎర్ర బియ్యం, జిగురు బియ్యం, రేషన్ బియ్యం, నూకలు
అన్నీ ఒకే గోతంలో పోస్తే
చంఫాయ్ బజార్లో ధరేం పలుకుతుంది?
కాటాలో పోసే పీ థాంగ్‌ఛింగి
చేట దులుపుతూ అంది:
"ధర కోసమా నువ్వు రాసేది?"
మరి దేనికో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

కప్‌ఛుంగా ఇల్లు. డెబ్బై నాలుగో పేరు.
తొమ్మిదివందల పది గ్రాములు.
ఎనిమిదివందల ఎనభై.
నాలుగువందలు.
నూట యాభై.
ఆ తర్వాతి శనివారం వాళ్ల చిన్నపిల్ల
డబ్బా తెచ్చి వరసలో పెట్టి
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.
మూత తీశాను.
లోపల కడిగి, తుడిచి, ఆరబెట్టి ఉంది.

సున్నా వేశాను. గుండ్రంగా, అందంగా.
బ్యాంకులో సున్నా అంటే ప్రశాంతత,
సరిచూడాల్సిందేమీ ఉండదు.
పీ థాంగ్‌ఛింగి దాని మీద వేలు పెట్టింది.
"చదువు."
"సున్నా."
"మళ్లీ చదువు."

అప్పుడు పేజీ మీదికి ఎక్కి చూశాను
మెట్లు దిగినట్టు దిగుతున్న ఆ అంకెల్ని.
వాళ్ల పోడు ఎలుకల పాలైందట.
పందిని అమ్మేశారట.
రోడ్డు పనిలో అతని నడుం పట్టేసిందట.
ఎవరికీ చెప్పని మనిషి.
వరసలో తన చోటు ఖాళీగా ఉండటం మాత్రం
ఓర్చుకోలేకపోయాడు.

ఆ రాత్రి కమిటీ కూర్చోలేదు, తీర్మానం రాయలేదు.
టార్చి లేకుండా ఇద్దరు కుర్రాళ్లు
ఒక గోతం మోసుకుపోయి గడపలో దించొచ్చారు.
కుక్క ఒక్కసారి మొరిగిందట, అంతే.

వారం తిరిగేసరికి ఆ డబ్బాలో
ఆరువందల గ్రాములు!
అరచేతిలో పోసుకుని చూశాను:
ఎర్రవి, జిగురువి, రేషన్‌వి, నూకలు.
మా గోతంలోని కలగూర గంపే.
సంఘపెద్ద జమావియా కళ్లజోడు సర్దుకున్నాడు.
"మనమిచ్చిన బియ్యమే గదయ్యా,
మళ్లీ జమ ఎలా రాస్తావు?"

నిజమే, బ్యాంకులో అయితే నేనూ అదే అడిగేవాణ్ణి.
పెన్ను గాల్లోనే ఉంది.
ఆ పిల్ల నన్నే చూస్తోంది,
ఈసారి చేతులు వెనక్కి కట్టుకోలేదు.
ఆరు, సున్నా, సున్నా.
రాసేశాను.

ఇంటికొచ్చి అన్నానికి ఎసరు పెడుతుంటే తట్టింది:
నూటపన్నెండు ఇళ్లున్న ఆ పుస్తకంలో
నా ఇల్లు లేదు.
ఒంటరివాణ్ణి, లెక్క రాస్తున్నాగా,
అదే నా కానుక అనుకున్నాను కాబోలు.

బియ్యంలో చెయ్యి పెట్టాను.
పిడికెడు అంటే ఎంతో నాకు తెలియదు,
గ్రాములే తెలుసు.
బిగిస్తే వేళ్ల సందుల్లోంచి జారుతున్నాయి,
వదులు చేస్తే ఎక్కువొస్తున్నాయి.
పోద్దామంటే ఇంట్లో మూతున్న డబ్బా ఒక్కటీ లేదు.
బ్యాంకువాళ్లు వీడ్కోలుకి ఇచ్చిన ఫ్లాస్కు తప్ప.

శనివారం వరసలో దాన్ని చూసి
పీ థాంగ్‌ఛింగి ఆగింది.
"టీ ఎవరు తెచ్చారు?"