ఐదో కాలమ్

మిర్యాలగూడ, రాత్రి పదకొండు.
కాంటా మీదికెళ్ళి ఆఖరి ట్రాక్టరు దిగిపోయింది.
సేటు చెప్పింది ఒక్కటే మాట:
"బస్తాకు రెండు కిలోలు తియ్యి."

నేను బస్తా ముట్టలే.
ఊక దుమ్ము నా అంగీ మీద పడలే.
ఆక్‌ల ఒక్క వరుస రాసిన:
ఐదో కాలమ్‌లకెళ్ళి రెండు తీసెయ్.
ఎంటర్.
నాలుగు వందల పన్నెండు మంది
రెప్పపాటుల అల్కగైన్రు.

కాలమ్‌కూ కాలమ్‌కూ నడుమ ట్యాబు,
కంటికి కనబడని ఒడ్డు.
ఒక్కకాడ అది తెగింది.
ధీరావత్ సోక్లి, అడవిదేవులపల్లి:
పేరూ ఊరూ ఒకటే మడి అయినయి,
ఎనకవన్నీ ఒక గడి ముందుకు జరిగినయి.
ఆమె బస్తా నలభై కిలోలు నలభై లెక్కనే ఉన్నది.
స్క్రిప్టు
ఆమె ఫోను నంబరులకెళ్ళి
రెండు కిలోలు కోసింది.

మూడోనాడు దేవరకొండ నుంచి ఎవరో:
"సారూ, నా ఫోన్ల వడ్ల పైసల మెసేజ్ పడ్డది.
నాకు గుంట భూమి లేదు.
ఎవరియి ఇవి?"

పాత ఫైలు ఉన్నది,
చివర డాట్ బ్యాక్ అని, సేటుకు తెల్వదు.
ఎంవీ అని కొట్టిన.
ఒకటే వరుస బాగుచెయ్యాల్నా,
అన్నీనా?

అవతల ఆయన
ఇంకా లైన్లనే ఉన్నడు.