మూడో బల్ల మీద

రాత్రి పదకొండుకి
బ్యాడ్మింటన్ కోర్టు గీతల మీద బల్లలు పరిచారు.
వేలికి రబ్బరు తొడుగు, మెడలో పాసు,
గంటకి పద్నాలుగు పౌండ్లు.
పగలు కౌన్సిల్ ఆఫీసులో జీతాల బిల్లులు చేసే నేను
ఈ ఒక్క రాత్రికి
యార్క్‌షైర్‌లో ఒక మూల ఊరి మనసు లెక్కపెట్టే మనిషిని.

పెట్టెలు బోర్లిస్తే కాగితాలు
జలజలా రాలవు, బరువుగా పడతాయి
తడి గోనె విదిలించినట్టు.
బయట వాన. కొన్ని ఓట్లకి ఇంకా గొడుగు వాసన.

పాతిక, మరో పాతిక, యాభైకో క్లిప్పు.
ఎవరో కుక్క బొమ్మ గీశారు.
ఎవరో ఆరు గళ్ళలోనూ ఓపిగ్గా
వద్దు, వద్దు అని రాశారు.
అధికారి కళ్ళద్దాలు పైకి తోసుకుని
కుక్క ఏ గడివైపు చూస్తోందో పరీక్షించాడు.
ఏజెంట్లు మెడలు చాచారు.
కుక్క చెల్లలేదు.

అప్పుడొచ్చింది ఆ ఇంటూ గుర్తు.
ఒక గీత నిటారుగా, రెండోది కిందికి జారి
చివర చిన్న కొక్కెం.
ప్రతి డిసెంబరూ మా తలుపు సందులోంచి పడే కార్డు మీద
పేరు కింద ఇదే గుర్తు:
హెడ్లీ థ్వెయిట్, రిటైరైన బస్సు డ్రైవరు, మా పక్క గోడ.
నాకు తెలియకూడదు.
తెలియలేదు.
మూడో బల్ల మీద పెట్టాను.
అక్కడ కట్టలు జానెడెత్తు కూడా లేవలేదు.

మా వీధి నడిమధ్య నుంచి పోతుంది సరిహద్దు,
ఎప్పుడో ఎవరో పటం మీద స్కేలు పెట్టి గీసింది.
సరి నంబర్ల ఇళ్ళు ఇటు, బేసి నంబర్లు అటు.
అటు హెడ్లీ పార్టీ
కరెంటు స్తంభాన్ని నిలబెట్టినా గెలుస్తుంది.
"రోడ్డు దాటి ఇల్లు తీసుకోకపోయారా?" అన్నానోసారి.
పాల సీసా పట్టుకుని నవ్వాడు:
"అక్కడ నేను లేకపోయినా గెలుస్తారుగా.
అక్కడా దండగే."

మరి దేశమంతా ఓట్లు ఒక్కచోట పోసి
ఎంత శాతానికి అన్ని సీట్లు పంచితే?
ఆయన కాసేపు గోడ మీది నాచు గీకాడు.
"నా కప్పు కారినప్పుడు
నేను ఓటెయ్యని ఆ అమ్మాయే వచ్చింది.
నిచ్చెనెక్కి చూసింది. మూడు ఉత్తరాలు రాసింది.
శాతం ఇల్లెక్కడ? ఏ తలుపు కొట్టను?"
నాకు జవాబు దొరకలేదు.
ఆయనకీ దొరికినట్టు లేదు,
గీకుతూనే ఉన్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి వేదిక మీద ఆరుగురు.
గెలిచినామెకి పన్నెండు వేల చిల్లర.
మిగతా ఐదుగురివీ కలిపితే ఇరవై ఎనిమిది వేలు.
ఆరుగురున్న ఇంట్లో
ఇద్దరు కాకరకాయ అడిగారు,
నలుగురు నాలుగు కూరలు అడిగారు,
కాకరకాయ వండారు.
అన్యాయమా? ఏమో.
కూరైతే ఉడికింది, అందరూ తిన్నారు,
ఇద్దరే మళ్ళీ వడ్డించుకున్నారు.

పన్నెండు వేలూ ఒక్క మనిషై నిలబడి చెయ్యూపాయి.
ఇరవై ఎనిమిది వేలు సంచుల్లోకి పోయాయి.
ఒక సంచి మూతి నేనే లాగి కట్టాను.
తాడు అరచేతిని కోసింది, కొంచెమే.

పొద్దున ఏడింటికి చెత్తడబ్బాల దగ్గర హెడ్లీ.
నిద్రలేని కళ్ళతో నేను, నున్నగా గడ్డం గీసుకుని ఆయన.
"నాది లెక్కపెట్టారా, అమ్మాయ్?"
"లెక్కపెట్టాం."
మా భాషలో లెక్కపెట్టడం వేరు, లెక్కచెయ్యడం వేరు.
ఆయన భాషలో రెంటికీ ఒకటే మాట.
ఏది అడిగాడో నేనడగలేదు.

డబ్బాని ఈడ్చుకుంటూ గేటు దాకా వెళ్ళాడు.
వీధికి రెండు వైపులా డబ్బాలు బారులు తీరాయి,
సరివీ బేసివీ, ఒకే లారీ కోసం.
లారీ ముందు అటువైపుకే వచ్చింది.