పోటూ పాటూ

సఖినేటిపల్లి రేవులో పంటు కదిలేముందు
సారంగు గట్టు మీదికి కేకేస్తాడు:
"పోటు మీదుంది, బళ్ళు వెనక్కి లాగండి!"
ఆయన జేబులో చెమటకి తడిసిన చిన్న పుస్తకం.
ఏ తిథికి ఏ వేళకి సముద్రం
వశిష్ఠలోకి ఎదురెక్కి వస్తుందో
అందులో ఉంటుంది.
తప్పదు. తప్పితే అరగంట.

నా ఫిజిక్స్ రికార్డు చివరి పేజీలో కూడా
పెన్సిల్ తో ఒక లెక్కుంది.
ఇరవై మూడు. నలభై ఒకటి. ముప్ఫై.
ఇవాళ యాభై రెండో రోజు.
ఏ పున్నమికీ లొంగని లెక్క.

మొదటిసారి వచ్చినప్పుడు
మా వీధి మొగలో ఫ్లెక్సీ కట్టారు.
గులాబీ ఓణీలో నేను,
చుట్టూ మీసాలు దువ్వుకున్న మేనమామలు,
మూలన చేతులు జోడించిన సర్పంచి గారు.
పచ్చి కొబ్బరాకుల మీద కూర్చోబెట్టి
నోట్లో చిమ్మిలి కుక్కి
ఊరందరికీ భోజనాలు పెట్టారు.
ఆ ఫ్లెక్సీ ఇప్పుడు మా కోళ్ళగూటికి కప్పు.
నాలుగు వానాకాలాలకి నా ముఖం వెలిసిపోయింది,
సర్పంచి గారి ముఖం ఇంకా బాగానే ఉంది.

అంత చాటింపు వేసిన ఇంట్లో
"రాలేదమ్మా" అనడానికి
నాకు వారం పట్టింది.
అమ్మ గరిటె ఆపింది.
నా ముఖం కాదు, నా పొట్ట చూసింది.
ఆ చూపేంటో తెలిసేసరికి రాత్రయింది.
తెలిశాక తెల్లారింది.

కెజియాది వేరే గొడవ. దానికి వస్తే పోదు.
తొమ్మిది రోజులు, పది.
కాలేజీ మెట్లు మూడోసారి ఆగి ఎక్కుతుంది.
బ్యాగులో ఎప్పుడూ పచ్చిబియ్యం పొట్లం,
పాఠం జరుగుతుంటే పటపటా నములుతుంది.
"మా అమ్మకీ ఇంతే, అమ్మమ్మకీ ఇంతే" అంటుంది,
రెండు కుంచాల పొలం రాసిచ్చినట్టు.

నర్సు మంగతాయారు గారు
దాని కింది రెప్ప బొటనవేలితో దించి చూశారు.
ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం.
"ఇది ఓర్పు కాదే పిల్లా, జబ్బు.
రేపు రక్తం పరీక్షకి రా. మీ అమ్మనీ తీసుకురా."
తర్వాత నా వైపు తిరిగారు.
"కొత్తగా తవ్విన బోదెలో నీళ్ళు
రెండు మూడేళ్ళు ఒక తీరున పారవు.
నీకు నాలుగేళ్ళు దాటాయి కదా.
గడ్డం కింద ఈ నూగు ఎప్పట్నుంచి?"
తప్పు అడిగినట్టు కాదు, వయసు అడిగినట్టు అడిగారు.
"స్కాన్ తీయిద్దాం. భయపడకు. దాచకు."
చివరి రెండు మాటలూ
చీటీ మీద మందుల్లా రాసిచ్చినా బాగుండేది.

ఇవాళ పంటు నది మధ్యకొచ్చింది.
సారంగు మళ్ళీ "పోటు" అన్నాడు.
నడుం లోపల ఎవరో అదే మాట
సూదితో రాశారు.
కూర్చున్న చెక్క మీంచి లేవలేను.
మీగడ రంగు యూనిఫాం. అటూ ఇటూ మోటారు సైకిళ్ళ మీద మగపిల్లలు.
ఎదర రొయ్యల గంప పెట్టుకున్నామె
నన్నొకసారి, చెక్కనొకసారి చూసి
ఏమీ అనకుండా
గంప తీసి నా వెనక దించింది.
తనూ అటు తిరిగి నిలబడింది, గోడలా.
కెజియా చున్నీ పిన్నులు ఊడదీసి
నా నడుముకి కట్టింది.
పిన్ను దాని వేలికి గుచ్చుకుంది.
"పోయినా ఇంతే, నా దగ్గరెక్కడుంది రక్తం" అని నవ్వింది.
నేను నవ్వలేదు.

కాలేజీ బాత్రూంకి గడియ లేదు.
బయట తలుపు పట్టుకుని అది,
లోపల బకెట్ అడుగున చెంబెడు నీళ్ళతో నేను.
ఒకరి కాపలాలో ఒకరం
ఇంటర్ చదువుతున్నాం.

రాత్రి అన్నాల దగ్గర
"వచ్చిందమ్మా" అన్నాను, పైకే.
నాన్న తల ఎత్తకుండా
"ఏంటి, కరెంటా?" అన్నాడు.
"కాదు నాన్నా. నెలసరి."
మజ్జిగ పోసుకుంటున్న చెయ్యి గాల్లో ఆగింది.
అమ్మ ఇన్నాళ్ళు బిగబట్టిన ఊపిరి
పొడుగ్గా వదిలింది.

ఆ ఊపిరి మీద నాకింకా కోపం పోలేదు.
అయినా అది సీసాలో వేడినీళ్ళు పోసి
గుడ్డ చుట్టి నా పొత్తికడుపు మీద పెడితే
పెట్టించుకున్నాను.
దూరంగా రేవులో నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి.
రికార్డు చివరి పేజీలో
యాభై రెండు కింద గీత గీసి
ఒకటి అని వేశాను.