వాక్యం మరిచిన పాచి

పదహారేళ్ళు పాచికి పగవాణ్ణి నేను.
సఖినేటిపల్లి రొయ్యల చెరువుల్లో
నీళ్ళు ముదురాకుపచ్చకి తిరిగితే చాలు
సున్నం చల్లేవాణ్ణి,
మైలుతుత్తం మూటగట్టి పడవ వెనక ఈడ్చేవాణ్ణి.
తెల్లారగట్ల రొయ్య గాలందక పైకి తేలితే
ముందు తిట్టేది దాన్నే.

ఇప్పుడు నా జీతం దాన్ని మేపడానికి.
వైరస్ తిన్న మూడెకరాల్లో రేకుల షెడ్డు,
నూట ఇరవై గాజు గొట్టాలు,
ఒక్కోదాంట్లో మామిడి పిందె రంగు నీళ్ళు.
నర్సాపురం నుంచి పంటు మీద వస్తుంది షబానా మేడం.
"ఎండ తింటుంది, పొగ తింటుంది,
చమురిస్తుంది ఏసుపాదం గారూ."
"పాచి చమురివ్వడమేంటమ్మా?"
"దాని లోపలి రాతలో
మనదో వాక్యం ఇరికించామండి."
వాక్యమంటే నాకు తెలిసింది
ఆదివారం పాస్టరుగారు చదివేదే.

మొదటి నెల చెంచాడు వచ్చింది.
అగ్గిపుల్ల గీసి చూపిస్తే
నీలంగా, చప్పుడు లేకుండా కాలింది.
కొబ్బరితోటల అవతల గ్యాసు బావి మంట
ఎప్పట్లాగే ఎర్రగా ఊగుతోంది.
దాని ముందు మాది మిణుగురు.

రెండో నెల చెంచా తడవలేదు.
గొట్టాలు మాత్రం పచ్చగా, చిక్కగా,
పండగ చేసుకుంటున్నట్టు.
మేడం మైక్రోస్కోపు మీంచి చాలాసేపు తలెత్తలేదు.
"కొన్ని వాక్యం మరిచిపోయాయండి.
చమురు చేసేది చిక్కిపోతుంది, పిల్లలు తక్కువ.
పని మానేసింది రెండింతలవుతుంది.
చివరికి గొట్టమంతా మానేసినవే."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
మందు కలిపి కలిపి అరచేతి తోలూడిన ఏడు
ఒక్క వారం ఎగ్గొట్టి ఏటిగట్టున పడుకున్నాను.
ఆ వారమే నా ఒంటికి రక్తం పట్టింది.

బ్లీచింగు పోసి అన్నీ కడిగెయ్యమంది.
కాలవలోకి బొట్టు కూడా పోకూడదంది.
పోశాను.
పచ్చదనం గంజిలా తెల్లబడుతుంటే
ఈసారి తిట్టడానికి నోరు రాలేదు.

ఫ్రిజ్‌లోంచి మళ్ళీ విత్తనం తీస్తోంది మేడం.
అడిగేశాను:
"ఈసారి రాసేటప్పుడు
ముందు కడుపునిండా తిని పెరగమని,
ఆ తర్వాతే పనిలోకి రమ్మని
ఓ ముక్క కలపకూడదా అమ్మా?"

రేవులో ఆఖరి పంటు హారన్ కొట్టింది.
ఆవిడ కదల్లేదు.
కాగితాల కింద, కోటు జేబులో
పెన్ను కోసం తడుముకుంటోంది.
తుత్తం మరకల చేత్తో
చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చాను.