నీ ముక్కు తెచ్చుకో

ఈ ఊళ్లో నేలమాళిగకి
పైకెక్కి వెళ్తారు.
కొండ కడుపులో పీపాలు, కొండ నెత్తిన బల్లలు.
ఎక్కడికంటే "సెల్లార్ మీదికి" అంటారు.
వచ్చిన కొత్తలో తప్పు దిద్దబోయాను.
ఓట్మార్ జాలిగా చూశాడు:
"వ్యాకరణం దిగేవాళ్లకి. దాహం ఎక్కేవాళ్లకి."

మా పై వాటా ఆయన. గ్యాసు మీటర్లు చూసి రిటైరైనవాడు.
బాంబెర్గ్‌లో ఏ వంటింటి గోడలో ఏ గొట్టం పోతుందో
ఏ వంటావిడ మాంసం పులుసు చిక్కబడటానికి
నిరుటి క్రిస్మస్ అల్లం బిస్కెట్టు చిదిపి వేస్తుందో
అన్నీ తెలుసు.
చొక్కా జేబులో ముప్ఫై ఒక్క ఏళ్ల నోటుబుక్కు:
తేదీ, హోటలు, బీరు,
పొగకి పదికి ఎన్ని మార్కులు.
(బార్లీని కట్టెల పొగలో ఆరబెడతారిక్కడ.
మొదటి గుక్కకి ఎవరైనా మొహం చిట్లిస్తారు.)
తొమ్మిది దాటి ఎవరికీ ఇవ్వలేదు.
"పది వేస్తే రేపెందుకు వెళ్లాలి?"

తోటమాలుల వీధిలో వాళ్లని
ఉల్లి తొక్కేవాళ్లని ఎందుకంటారో ఆయనే చెప్పాడు.
కాళ్లకి చెక్కలు కట్టుకుని ఆకుల్ని పడదొక్కితే
బలమంతా గడ్డలోకి దిగుతుందట.
ఆ గడ్డే కడుపు నిండా ఖైమాతో,
నెత్తిన బేకన్ టోపీతో, పొగబీరు పులుసులో కూర్చుని
పళ్లెంలోకొస్తుంది.
ఉల్లి చేసిన మేలు తల్లి చేయదంటారే,
తల్లిని తొక్కుతారా ఎవరైనా, అన్నాను.
"ఉల్లినే అడుగు," కత్తి దించుతూ అన్నాడు.

పోయిన ఫిబ్రవరిలో జ్వరమొచ్చింది.
పోతూ పోతూ ఆయన ముక్కుని వెంట తీసుకుపోయింది.
కాఫీ వేడినీళ్లైంది. సబ్బు గులకరాయైంది.
గ్యాసు లీకైనా తెలీదు, మీటర్ల మనిషికి!
అది చెప్పి తనే నవ్వుతాడు.
నోటుబుక్కులో తేదీలు ఆగలేదు.
మార్కుల గడి మాత్రం ఖాళీ.

అక్టోబరులో, బాక్ పీపా తెరిచే రాత్రి
తలుపు కొట్టాడు.
"వస్తావా? నీ ముక్కు తెచ్చుకో."

కుర్చీల్లేని నడవా. గోడలో చిన్న కిటికీ.
కిటికీలో గుండి చేతులు మాత్రమే కనిపిస్తాయి.
నిలబడి తాగేవాళ్లలో ఒక జడ్జి, రంగు మరకల పెయింటరు,
శవయాత్ర నుంచి తిన్నగా వచ్చిన ఇద్దరు బాకా వాద్యగాళ్లు.
చెక్క సుత్తి ఒక దెబ్బ. రెండు.
నురగ కప్పుని కొట్టింది, జనం హోరుమన్నారు.
ఓట్మార్ కళ్లు మూసుకుని గుటకేశాడు.
"చెప్పు."

బూడిద, అన్నాను. హామ్ వేలాడదీసిన గది.
"అది పోస్టర్ మీద ఉంది."

రెండో గ్లాసు.
రాత్రి ఆర్పేసిన మంటని
తెల్లారి ఎవరో కెలికినట్టు.
"కొంచెం నయం. ఇంకా?"

మూడో గ్లాసుకి గానీ ఈ బీరు
మనిషితో మాట్లాడదని ఊళ్లో మాట.
మూడోది సగమయ్యేదాకా నాకు నోరు పెగల్లేదు.
మీ కోటు, అన్నాను చివరికి.
రాత్రిళ్లు మీరు మెట్లెక్కి వెళ్లాక
మా గుమ్మం దగ్గర ఓ అరగంట ఉండిపోయేదే, అది.

ఆయన ఏమీ అనలేదు.
పెన్సిలు ముక్క తీసి, గోడకి ఆనించి
గడిలో ఏదో రాశాడు. చూపించలేదు.

వెళ్లే ముందు "కోత" అడిగాడు.
అంటే, ఇంటికెళ్లేవాడి ఆఖరి సగం గ్లాసు;
సగమంటే ఎంతన్నది పోసేవాళ్ల ఇష్టం.
గుండి చెయ్యి కుళాయి కట్టలేదు.
నురగ అంచు దాటి, ఆయన వేళ్ల మీదుగా
మణికట్టులోకి జారింది.
అలవాటు కొద్దీ చెయ్యి ముక్కు దాకా ఎత్తాడు.
కాసేపు అక్కడే ఉంచాడు.
తర్వాత కోటుకి తుడుచుకున్నాడు.